పారీ: కాచుకోవడంలో ముందడుగు

పోరాట వీడియో గేముల్లో ఆత్మరక్షణ అంటే చాలాకాలం వెనకడుగే. జపాన్ సంస్థ కాప్‌కామ్ 1991లో ఆర్కేడ్లకు తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో దెబ్బ కాచుకోవాలంటే జాయ్‌స్టిక్‌ను ప్రత్యర్థికి దూరంగా, అంటే వెనక్కి, లాగి పట్టుకుంటే సరిపోయేది. మామూలు గుద్దులూ తన్నులూ ఇలా పూర్తిగా ఆగిపోయేవి కానీ, అగ్నిగోళాల వంటి ప్రత్యేక దాడులు కాచుకున్నవాడి ప్రాణశక్తిని సైతం కొద్దికొద్దిగా హరించేవి. ఈ కోతనే ఆటగాళ్లు చిప్ డ్యామేజ్ అంటారు.

1997లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 3’ ఈ పద్ధతిని ఉంచుతూనే దానికి ‘పారీ’ని జోడించింది. దెబ్బ తగలబోయే క్షణాన జాయ్‌స్టిక్‌ను ముందుకు, కాళ్ల మీదికి వచ్చే దెబ్బైతే కిందికి, ఒక్కసారి తడితే ఏ నష్టమూ జరగకపోగా ఎదురుదెబ్బకు వీలు చిక్కుతుంది. అంచనా తప్పితే మాత్రం, ఆ క్షణంలో కాపు లేదు గనుక, దెబ్బ పూర్తిగా పడుతుంది.

ఈ విద్యకు లోకప్రసిద్ధి తెచ్చింది 2004లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన ఈవో పోటీ. ‘స్ట్రీట్ ఫైటర్ 3’కు 1999 నాటి మూడో రూపమైన ‘థర్డ్ స్ట్రైక్’ మీద జరిగిన ఆ పోరులో, తొందరపడకుండా దూరం పాటిస్తూ అవతలివాడి ఓర్పును పరీక్షించే అమెరికన్ ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతోనూ, జపాన్‌కు చెందిన డైగో ఉమెహారా కెన్ పాత్రతోనూ తలపడ్డారు. కెన్ ప్రాణశక్తి అడుగంటి, కాచుకున్నా చిప్ డ్యామేజ్‌కే ఓడిపోయే స్థితిలో ఉండగా, వాంగ్ వరుస తన్నుల సూపర్ దాడిని ప్రయోగించాడు. డైగో ఆ తన్నులన్నిటినీ, మొత్తం 15, పారీ చేసి, చివరిదాన్ని గాలిలోకి ఎగిరి మరీ అడ్డుకుని, తన సూపర్‌తో ఆ ఆటను ముగించాడు.

ఆ పోరు వీడియో చూసినవారు సాధారణంగా మెచ్చుకునేది చేతివేగాన్ని, కానీ అది సగం నిజమే. ఆ సూపర్ మొదలవుతూనే తగులుతుంది గనుక, కంటితో చూశాక చేయి కదిపితే ఆలస్యమైపోతుంది. కాబట్టి ఓపిక గల ప్రత్యర్థి సైతం ఆ స్థితిలో సులువైన ముగింపుకు ఆశపడతాడని ఊహించి, డైగో మొదటి తన్నుకు ముందే సిద్ధమై ఉండాలి. అసలు నైపుణ్యం ఆ ఊహలోనే ఉంది.

ఇంత చేసినా ఆ ఏడాది విజేత డైగో కాదు. ఫైనల్లో అతడు తన దేశస్థుడే అయిన కెంజీ ఒబాటా చేతిలో ఓడిపోయాడు.