అణా పోయి పైసా వచ్చిన కాలం
1953 అక్టోబరు 1 దాకా నల్లమల కింది రాచర్ల మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు నుంచి ఆంధ్ర రాష్ట్రం, అప్పటి ఆ ఊరి జిల్లా పట్నమైన కర్నూలే రాజధాని. మూడేళ్లు తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు. అలాంటి పల్లెలకు ఇవన్నీ దూరపు కబుర్లే. 1957 ఏప్రిల్ 1న మారింది మాత్రం రొంటిన దోపుకున్న చిల్లర.

అంతవరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. రూపాయిలో సగం అర్ధరూపాయి, దాన్లో సగం పావలా, ఆపైన బేడ, అణా, అర్ధణా, కానీ. సగాలు చేసుకుంటూ పోతే లెక్క తేలిపోయేది, బడి మొహం చూడనివాళ్లకూ తప్పు పోయేది కాదు. కొత్త రూపాయికి నూరు నయా పైసలు. నూరులో సగం 50, దాన్లో సగం 25. అక్కడ లెక్క ఆగిపోతుంది. అందుకే ప్రభుత్వ పట్టికలో అణాకు 6 పైసలు, బేడకు 12, మూడణాలకు 19 అని సర్దారు. నాలుగణాలు ఒక్కసారి మార్చుకుంటే 25 వస్తాయి, అణా చొప్పున నాలుగుసార్లు మార్చుకుంటే 24. మిగిలిన ఆ పైసా ఎవరి గల్లాపెట్టెలో పడుతుంది? అది తమకు పోతుందన్న జనం బెదురులో న్యాయం ఉంది. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు.

ఆ బెదురును పోగొట్టింది ఉపన్యాసాలు కావు. రూపాయి విలువ ముట్టుకోలేదు. పాత నాణేలు, కొత్తవి కొన్నేళ్లు పక్కపక్కనే చెల్లాయి. పావలా, అర్ధరూపాయి చెక్కు చెదరకుండా కొత్త లెక్కలో ఇమిడాయి. అయిదు పైసల బిళ్ల నలుచదరం, రెండు పైసలది వంకీల అంచు, కాబట్టి చీకట్లో తడిమినా పోల్చుకోవచ్చు. అలవాటు పడ్డాక 1964 జూన్‌లో ‘నయా’ మాట తీసేశారు.

తూకాల సంగతి ఇంత సులువు కాదు. 1956 చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి కిలోలు విడతల వారీగా వచ్చాయి. వీసె అంటే 120 తులాలు, దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. వీసె ధర నోటికి వచ్చినవాళ్లకు కిలో ధర చవకో ప్రియమో వెంటనే తెలియదు. పైగా జొన్నలు, కొర్రలు తూచేవి కావు, కొలిచేవి: గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం. కొట్లో కిలో వచ్చినా వంటింట్లో ఎసట్లోకి సోలతోనే కొలిచి పోసేవాళ్లు. ఆ వెసులుబాటే కిలోను నిలబెట్టింది.

వడ్డీ లెక్క మాత్రం నెలకు నూటికి ఇంత అనే పాత పద్ధతిలోనే ఉండిపోయింది. 2004 తర్వాత ప్రభుత్వమే డ్వాక్రా మహిళలకు ‘పావలా వడ్డీ’ అంది. నెలకు నూటికి 25 పైసలు, అంటే ఏడాదికి 3 శాతం. ఆ పావలా బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది.

నేల కొలతకు మాత్రం కొత్త కొలతల మార్పు అసలు అంటలేదు. ఎకరం, సెంటు రైతు నోటనే కాదు, పట్టాదారు పాసు పుస్తకంలోనూ ఉన్నాయి. ఎకరానికి సెంట్లు ముందునుంచీ నూరే కాబట్టి, హెక్టారు కోసం అలవాటు మార్చుకోవాల్సిన అవసరం రాచర్ల రైతుకు కనబడలేదు.