రెండు పొడుల చాక్లెట్ కేకు

మైదా, పంచదార, కోకో పొడి, కాస్త వంటసోడా కలిపి జల్లించి, గుడ్లో పెరుగో వేసి కలిపి పొయ్యెక్కిస్తే గంటలో పుట్టినరోజు కేకు తయారు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఎంత కలిగినవాళ్ల వంటింట్లోనూ ఇంత సులువైన చాక్లెట్ కేకు లేదు. దానికి కావాల్సిన రెండు పొడులు అప్పటికింకా అంగట్లోకి రాలేదు.

మొదటిది కోకో పొడి. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. వేయించి నూరితే పొడి కాదు, జిడ్డుముద్ద వస్తుంది. దాన్నే వేడి నీళ్లలోనో పాలలోనో కలుపుకుని తాగేవాళ్లు. పైన నూనె తెట్టు కట్టేది. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం ఆ ముద్దను ప్రెస్సులో గట్టిగా నొక్కి, కొవ్వు దాదాపు సగం పిండేసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. గానుగలో నూనె దిగాక చెక్క మిగిలినట్టే ఇక్కడా గట్టి చెక్క మిగిలింది. దంచితే మెత్తటి పొడి. దానికి క్షారం పట్టించి పులుపు విరిచి, రంగు ముదరబెట్టడమూ వాళ్ల పనే.

రెండోది పిండిని పొంగించే పొడి. అది రాకముందు కేకు పొంగాలంటే చేతులు పడిపోయేదాకా గిలక్కొట్టాల్సిందే. 1747లో హన్నా గ్లాస్ ఇంగ్లండులో అచ్చువేసిన వంటపుస్తకం పౌండు కేకు పిండిని ఏకంగా గంటసేపు గిలక్కొట్టమంటుంది. డబ్బున్న ఇళ్లలో ఆ గంట పనిమనుషులది. కేకు చరిత్ర రాసేవాళ్లు చాక్లెట్ గురించి పేజీలు నింపుతారు గానీ, ఆ చేతుల గురించి ఒక్క వాక్యమైనా రాయాలి.

ఆ కష్టం తగ్గించే దారులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 1796లో అమెరికాలో అమీలియా సిమన్స్ వంటపుస్తకం, కట్టెల బూడిద నుంచి తీసిన క్షారాన్ని పిండిలో వాడమంది. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, ఈస్టు పడని భార్య కోసం బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. గుడ్లు కూడా ఆమెకు పడవు. అందుకని అంతకుముందే గుడ్లు లేని కస్టర్డ్ పొడి చేసిపెట్టాడు. 1856లో హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ ఎముకల నుంచి ఆమ్లగుణమున్న ఫాస్ఫేటు తీసి పేటెంటు పొందాడు. దాన్ని సోడాతో కలిపి తడి తగిలిస్తే చాలు, వాయువు పుట్టి పిండి నిండా బుడగలు.

రెండు పొడులూ వచ్చినా చాక్లెట్ వెంటనే పిండిలోకి దిగలేదు. అమెరికా వంటపుస్తకాల్లో చాలాకాలం చాక్లెట్ కేకంటే మామూలు కేకు మీద చాక్లెట్ పూతే. చాక్లెట్ కంపెనీలు వంటల చిట్టి పుస్తకాలు పంచాయి. 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ తన వంటపుస్తకంలో కప్పునూ చెంచానూ తలకొట్టి కొలవమంది; దాంతో చెయ్యి తిరగనివాళ్లకీ కేకు కుదిరింది. 1902 నాటికి సారా రోరర్ వంటపుస్తకంలో చాక్లెట్‌ను పిండిలోనే కలిపిన నల్లటి డెవిల్స్ ఫుడ్ కేకు కనిపిస్తుంది.

పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తులు ఈ చాక్లెట్ కేకు కంటే పాతవి. 1746లో జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు పుట్టినరోజుకు పెద్ద కేకులో వయసుకు సరిపడా కొవ్వొత్తులు గుచ్చారు.

చాక్లెట్ కేకుకు తర్వాత వచ్చినవి కరువు రోజులు. 1930ల మాంద్యంలో, యుద్ధకాలపు రేషన్‌లో గుడ్లు, పాలు, వెన్న లేకుండా నూనె, వెనిగర్, సోడాలతో అమెరికా గృహిణులు చాక్లెట్ కేకు చేశారు. వెనిగర్ పులుపు సోడాను పొంగిస్తుంది. తెలుగిళ్లలో గుడ్డు లేని కేకుకు పెరుగు వేయడంలోనూ ఇదే కిటుకు.

ఓవెన్ లేని ఇంట కేకు కాల్చే పని ప్రెషర్ కుక్కర్‌ది. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఇసుకో ఉప్పో పరిచి, పైన స్టాండు పెడతారు. నీళ్లు పోయరు. నెయ్యి రాసి మైదా చల్లిన గిన్నెలో పిండి పోసి, సన్నసెగ మీద ఉంచి, చాకు గుచ్చి చూస్తారు. తడి పిండి అంటకపోతే ఉడికినట్టే.

ఇప్పుడు కోకో పొడికి మూలమైన గింజా తెలుగునేల మీద పండుతోంది. 1965లో కాడ్‌బరీ చొరవతో కేరళలో ఊపందుకున్న కోకో సాగు తూర్పుకు వచ్చింది. నేడు దేశంలో ఎక్కువ కోకో పండించేది ఆంధ్రప్రదేశే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా వేస్తారు. కాయలు మాను మీదే కాస్తాయి. వాటిని పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని కొన్ని రోజులు పులియబెట్టి ఎండబోస్తారు. ఈ పులియబెట్టడంలో రైతు తొందరపడితే, తర్వాత ఎంత వేయించినా ఆ గింజకు చాక్లెట్ వాసన సరిగా రాదు.