గడ్డం రాని మాంత్రికులు

నీళ్లు మోయడానికి రోకలికి ప్రాణం పోసిన శిష్యుడి కథను రెండో శతాబ్దంలోనే లూసియన్ గ్రీకులో రాశాడు. ఈజిప్టు గురువు బయటికి వెళ్లిన పూట, చాటుగా విన్న మంత్రం చదివి శిష్యుడు రోకలిని నీళ్లకు పంపుతాడు. అది తెస్తూనే ఉంటుంది, ఆపే మంత్రమేమో తెలీదు. గొడ్డలితో నరికితే రెండు ముక్కలూ నీళ్లకు బయల్దేరతాయి. 1797లో గోథే దీన్ని గేయకథగా మలిచాడు. 1940లో డిస్నీ 'ఫాంటాసియా'లో ఆ శిష్యుడి వేషం మిక్కీ మౌస్‌కి దక్కింది. ఎవరు చెప్పినా ఇందులో శక్తి మంత్రానిదే. గురువు తిరిగొచ్చి ఆపేస్తే కుర్రాడు మళ్లీ మామూలు కుర్రాడే.

శక్తి పిల్లల ఒంట్లోనే పుట్టి వాళ్ల మీదికే రావడం నవలల్లోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1902లో ఇ. నెస్బిట్ రాసిన 'ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్'లో పిల్లలు కంకర గుంట తవ్వుతుంటే కోరికలు తీర్చే వింత ప్రాణి ఒకటి బయటపడుతుంది. అందంగా మారిపోవాలని కోరుకుంటారు. తీరా చూస్తే పసితమ్ముడే వాళ్లను గుర్తుపట్టక ఏడుపు లంకించుకుంటాడు, పనిమనిషి ఇంట్లోకి రానివ్వదు, మధ్యాహ్నం తిండి పోతుంది. శక్తి ఆ ప్రాణిదే, పొద్దు కుంకితే అంతా మామూలే. 1938లో టి.హెచ్. వైట్ 'ద స్వోర్డ్ ఇన్ ద స్టోన్' రాసినప్పుడూ మహిమలన్నీ ముసలి మెర్లిన్‌వే, కుర్రాడు చేపగా, డేగగా మారేది ఆయన దయవల్లే. మన బాలనాగమ్మ కథ మాత్రం తక్కువ తిందా? మంత్రమంతా మాయల ఫకీరుది, ఆమె కొడుకు బాలవర్ధికి ఉన్నది తెగువ.

మలుపు 1968లో వచ్చింది. కాలిఫోర్నియాలోని పర్నాసస్ ప్రెస్ అధిపతి హెర్మన్ షైన్, కాస్త ఎదిగిన పిల్లల కోసం పుస్తకం రాయమని అర్సులా లె గ్విన్‌ని అడిగాడు. ఆమె అప్పటికే ఒక ద్వీపలోకం ఊహించుకుని 1964లో రెండు చిన్న కథలు అచ్చేయించింది. మెర్లిన్, గాండాల్ఫ్, ఎవర్ని చూసినా తెల్లగడ్డం తాతలే. మరి గడ్డం రాకముందు వీళ్లేం చేసేవాళ్లు? ఈ ప్రశ్నలోంచే 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' పుట్టింది.

కథానాయకుడు గెడ్ తల్లిలేని పిల్లాడు. ఇంటి కప్పెక్కిన మేకను తల్లి తోబుట్టువు ఏదో మాటతో దించడం చూసి, మర్నాడు ఆ మాటలే మేకల మంద మీద ప్రయోగిస్తాడు. మేకలన్నీ వచ్చేస్తాయి. వచ్చి ఆగవు, చుట్టూ మూగి, ఒత్తుకుని, పసుప్పచ్చ కళ్లతో చూస్తూ ఊపిరాడనివ్వవు. పిలవడం తెలుసు, పంపడం తెలీదు. లూసియన్ రోకలే ఇది. అయితే అక్కడ లేనిది ఒకటి ఇక్కడుంది: ఊరివాళ్లు నవ్వుతుంటే ఆవిడ నవ్వదు. అర్థం తెలియని పిల్లాడి నోట మాట పలికిందంటే ఆ బలం మాటలో లేదని ఆమెకు తెలుసు.

పన్నెండేళ్లకే అతను పొగమంచు కమ్మించి, దండెత్తి వచ్చినవాళ్ల నుంచి ఊరిని కాపాడతాడు. తర్వాత మంత్రవిద్యల బడిలో, తోటివాడి మీద పంతానికి పోయి చనిపోయిన స్త్రీని పిలుస్తాడు. తెరుచుకున్న చీలికలోంచి నల్లటి నీడ దూకి ముఖం చీరేస్తుంది. ఆ చీలికను మూయబోయి ప్రధాన గురువు ప్రాణాలే వదులుతాడు. గురువు వచ్చి సర్దేసే సౌకర్యం ఈ పేజీతో పోయింది. చివరికి గెడ్ ఆ నీడను పిలిచేది తన పేరుతోనే. ఈ నవలకు ముందు, తర్వాత అని ఈ చరిత్రను చీల్చవచ్చంటాను.

తర్వాత, ఒంట్లోని శక్తే తెచ్చే ఈ ముప్పు ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దారి పట్టింది. స్టీఫెన్ కింగ్ 'క్యారీ' (1974)లో అవమానాలు పడ్డ అమ్మాయి ఊరినే తగలబెడుతుంది. 'ఫైర్‌స్టార్టర్' (1980) నాటికి నిప్పు పుట్టించే చిన్నపిల్ల వెనక ప్రభుత్వ సంస్థ పడుతుంది. డయానా విన్ జోన్స్ 'చార్మ్‌డ్ లైఫ్' (1977) నా దృష్టిలో వీటికంటే చురుకైనది. తనకు శక్తే లేదనుకునే క్యాట్‌కు తొమ్మిది ప్రాణాలు. అవి ఒక అట్ట అగ్గిపెట్టెలో అగ్గిపుల్లలై ఉంటాయి. ఒక పుల్ల గీస్తే మంట అతని ఒంటికే అంటుకుంటుంది. ఆ శక్తిని ఇన్నాళ్లూ వాడేసుకున్నది సొంత అక్క.

1997లో వచ్చిన రౌలింగ్ 'హ్యారీ పాటర్' ఈ సరుకును బడి గోడల మధ్య భద్రంగా సర్దింది. హ్యారీకి ప్రమాదం ఎక్కువగా బయటి శత్రువుతోనే. గెడ్‌కి చుట్టంలాంటి పిల్ల ఆ పుస్తకాల్లో ఒకర్తే కనిపిస్తుంది, అదీ 2007లో వచ్చిన ఏడో భాగంలో: బడి పెద్ద డంబుల్‌డోర్ చెల్లెలు అరియానా. ఆరేళ్లప్పుడు కొందరు కుర్రాళ్ల చేతిలో హింసపడి, శక్తిని లోపలే అణుచుకుని, అది బద్దలైనప్పుడు తల్లినే బలితీసుకుంటుంది. ఆమె కథను రౌలింగ్ పక్కదారిలో వదిలేయడం నాకు వెలితే.

ఆ దారిని ఎన్.కె. జెమిసిన్ పట్టుకుంది. పెద్దలకోసం రాసిన 'ద ఫిఫ్త్ సీజన్' (2015)లో భూమిని కదిపే శక్తి ఉన్న పిల్లల్ని ఊరివాళ్లు చంపేస్తారు, లేదా సంరక్షకుల పేరుతో వచ్చేవాళ్లకు అప్పగిస్తారు. కొట్టాంలో బంధించిన డమాయాను తీసుకుపోవడానికి వచ్చిన షఫా మొదట ప్రేమగా మాట్లాడతాడు. దారిలో, నీ శక్తిని నువ్వు అదుపు చేసుకోగలవో లేదో చూడాలంటూ ఆ పిల్ల చెయ్యి విరిచేస్తాడు. నొప్పికి నేల కదిలిందా, ప్రాణం తీయడానికి పక్కనే సిద్ధంగా ఉంటాడు. దీనితో మొదలైన త్రయంలోని మూడు నవలలకూ వరసగా 2016, 2017, 2018లలో హ్యూగో పురస్కారం వచ్చింది.