కార్తహేనా – దర్శనీయ స్థలాల చరిత్ర

దక్షిణ అమెరికా ఉత్తర తీరాన, కరీబియన్ సముద్రపు ఒడ్డున ఉన్న కొలంబియా రేవు పట్టణం కార్తహేనా. ఇదే పేరుతో స్పెయిన్‌లో మరో పట్టణం ఉన్నందువల్ల దీన్ని కార్తహేనా దె ఇందియాస్ అంటారు. బొలీవార్ రాష్ట్రానికి ఇది రాజధాని. జనాభా సుమారు 10 లక్షలు. పాత పట్టణాన్ని చుట్టిన రాతి ప్రాకారం, గుట్ట మీది కోట, మఠాలు, చర్చీలు, పూలతీగలు వేలాడే కర్ర బాల్కనీల ఇళ్లు ఇక్కడి ఆకర్షణలు. 1984లో యునెస్కో ఈ రేవును, కోటలను, ప్రాచీన కట్టడాలను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి కట్టడాల్లో చాలావాటికి మూలం రేవు గుండా సాగిన సంపద, దాన్ని దోచుకోవడానికి వచ్చేవారి భయం. కట్టింది మాత్రం ఎక్కువగా బానిసల చేతులు.

స్పెయిన్ వారు రాకముందు ఇక్కడ కలమారి అనే ఆదివాసుల పల్లె ఉండేది. పెద్రో దె ఎరేదియా 1533 జూన్ 1న పట్టణాన్ని స్థాపించాడు. అతనికి దుబాసీగా పనిచేసిన ఇందియా కతలీనా ఈ తీరంలోనే పుట్టింది. చిన్నతనంలో ఆమెను స్పెయిన్ వారు ఎత్తుకుపోయి, తమ మధ్యే పెంచి, తమ భాష నేర్పారు. ప్రాకారం బయట కూడలిలో ఉన్న ఆమె కంచు విగ్రహాన్ని శిల్పి ఎలాదియో హిల్ సంబ్రానా 1974లో నెలకొల్పాడు. 1960లో మొదలైన ఇక్కడి చలనచిత్రోత్సవంలో బహుమతిగా ఇచ్చేది ఈ విగ్రహపు చిన్న నమూనానే. తొలి ఏళ్లలో స్పెయిన్ వారు దక్షిణాన సెనూ ప్రజల సమాధులను తవ్వి బంగారం పట్టుకుపోయారు. వారి చేతికి చిక్కకుండా మిగిలిన నగలలో కొన్నిటిని బొలీవార్ చౌక్‌లోని బంగారు మ్యూజియంలో చూడవచ్చు. సన్నని తీగపనితో అల్లిన చెవిపోగులు ఎంతో అందమైనవి. 1552లో పట్టణం తగలబడింది. అప్పటినుంచి కర్ర, ఆకుల కప్పుతో ఇళ్లు కట్టడం మాని రాయి, ఇటుక, పెంకు వాడాలని ఎరేదియా ఆజ్ఞాపించాడు. నేటి పాత పట్టణానికి ఈ రూపం రావడం అక్కడినుంచే మొదలైంది.

పెరూ వెండి స్పెయిన్ చేరాలంటే నౌకాదళం ఏటా ఆగవలసిన రేవుల్లో కార్తహేనా ముఖ్యమైనది. సంపద ఉన్నచోటికి దొంగలు వచ్చారు. 1540లలో ఫ్రెంచివారు దోచారు. 1568లో జాన్ హాకిన్స్ వచ్చి ఏమీ చేయలేక వెనుదిరిగాడు. 1586 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ డ్రేక్ పట్టణాన్ని పట్టుకున్నాడు. ఇళ్లను వరసగా తగలబెడుతూ బేరమాడి 1,07,000 డకాట్లు పుచ్చుకున్నాకే కదిలాడు. అప్పుడు కడుతున్న కెథీడ్రల్ కూడా అతని దాడిలో దెబ్బతిన్నది. వెంటనే రెండో ఫెలిపే రాజు ఇటలీ ఇంజనీరు బవుతీస్తా ఆంతొనెల్లిని పంపి కోటలకు పథకం వేయించాడు. ఆయన మేనల్లుడు క్రిస్తోబల్ దె రోదా చేత మొదలైన రాతి ప్రాకారం పూర్తి కావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. గోడలోని పగడపు రాతిలో గవ్వల గుర్తులు ఇప్పటికీ చేతికి తగులుతాయి.

పశ్చిమ ఆఫ్రికా, అంగోలా తీరాల నుంచి బానిసల ఓడలు దిగడానికి స్పెయిన్ అనుమతించిన అతి కొద్ది అమెరికా రేవుల్లో ఇదొకటి. గడియార స్తంభం దాటగానే కనిపించే బండ్ల చౌక్‌లో మనుషులను వేలం వేసేవారు. అదే చౌక్‌లోని వంపుల వసారా కింద ఇప్పుడు కొబ్బరి, చింతపండు మిఠాయిలు అమ్ముతారు. స్పెయిన్‌లోని కతలోనియాలో పుట్టిన జెసూట్ మతగురువు పెద్రో క్లావెర్ 1610లో ఇక్కడికి వచ్చాడు. ఓడ లంగరు వేయగానే నీళ్లు, పళ్లు, మందులు పట్టుకుని అడుగు అరలోకి దిగేవాడు. రోగులను కడిగి, కట్లు కట్టి, ఆ తరువాతే మతబోధ చేసేవాడు. 1622లో జీవితాంతం ఆఫ్రికన్ల దాసుడిగా ఉంటానని ప్రతిన పూనాడు. ఆయన వెంట నడిచిన దుబాసీలు కూడా జెసూట్ మఠం సొంతం చేసుకున్న బానిసలేనన్నది మరువరానిది. ఆయన పవిత్రత గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం, ఆయనను పునీతునిగా ప్రకటించడానికి జరిపిన విచారణలో వారు ఇచ్చిన సాక్ష్యాల వల్ల దక్కింది. అదే మఠంలోని అలోన్సో దె సాందోవల్ ఆఫ్రికా నుంచి వచ్చినవారి జాతులను, భాషలను, వారు ఓడల్లో పడిన బాధలను 1627లో గ్రంథస్థం చేశాడు. క్లావెర్ 1654లో మరణించాడు; 1888లో రోమ్ ఆయనను పునీతునిగా ప్రకటించింది. ఆయన ఎముకలు ఆయన పేరిటి చర్చి ప్రధాన పీఠం కింద అద్దపు పేటికలో ఉన్నాయి. పక్కనే మఠంలో ఆయన గడిపిన గది, చెట్ల నీడతో చల్లగా ఉండే ప్రాంగణం చూడవచ్చు.

స్పానిష్ అమెరికాలో మతవిచారణ న్యాయస్థానాలు మూడే: లీమా, మెక్సికో, కార్తహేనా. ఇక్కడిది 1610లో ఏర్పడింది. ప్రస్తుత భవనం 1770 నాటిది. చెక్కడపు ద్వారం చూడ ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడది మ్యూజియం. పక్క గోడకు ఉన్న చిన్న కిటికీ గుండా జనం ఇరుగుపొరుగు మీద ఫిర్యాదులు జారవిడిచేవారు. పదిహేడో శతాబ్దంలోనే లా పోపా గుట్ట మీది అగస్టీనియన్ మఠం, 1657లో సాన్ లాసరో గుట్ట మీద మొదటి చిన్న కోట వెలిశాయి. 1697లో ఫ్రెంచి సేనాని పోఇంతి వచ్చి ఆ కోటను, పట్టణాన్ని పట్టుకుని దోచుకుపోయాడు.

పట్టణ చరిత్రలో అత్యంత ఘనమైన ఘట్టం 1741 నాటి ముట్టడి. 1739లో పోర్తొబెలో రేవును సులువుగా గెలిచిన ఇంగ్లీషు అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఈసారి 186 ఓడలతో, సుమారు 27,000 మందితో మార్చిలో దిగాడు. పట్టణాన్ని కాచే సైన్యం 4,000కు మించదు; యుద్ధనౌకలు ఆరు. వాటి నాయకుడు బ్లాస్ దె లేసో అంతకుముందు యుద్ధాల్లో ఎడమ కాలు, ఎడమ కన్ను పోగొట్టుకున్నవాడు. కుడి చెయ్యి కూడా పనిచేయదు. రేవులోకి వచ్చే బోకాచికా ముఖద్వారం దగ్గరి సాన్ లూయిస్ కోట రెండు వారాలకు పైగా నిలిచి పడిపోయింది. శత్రువు లోపలికి రాకుండా లేసో తన ఓడలను తానే ముంచేశాడు. పట్టణం దక్కినట్టేనని వెర్నన్ లండన్‌కు కబురు పంపగా, అక్కడ లేసో మోకరిల్లినట్టు పతకాలు కూడా పోయించారు. ఏప్రిల్ 20 తెల్లవారుజామున ఇంగ్లీషు సైన్యం సాన్ లాసరో గుట్ట మీది సాన్ ఫెలిపే కోట ఎక్కబోయింది. నిచ్చెనలు పొట్టివయ్యాయి, తెల్లవారేసరికి వాలు నిండా శవాలు. ఈలోగా పచ్చజ్వరం ప్రబలి యుద్ధంలో కన్నా ఎక్కువ మందిని తీసుకుపోయింది. మే నెలలో వెర్నన్ వెనుదిరిగాడు. ఆ ఓడల్లో వైద్య సహాయకుడిగా వచ్చిన టోబియాస్ స్మాలెట్ తన నవల రోడరిక్ రాండమ్ (1748)లో ఆ దుర్దశను చిత్రించాడు. జార్జ్ వాషింగ్టన్ సవతి అన్న లారెన్స్ కూడా ఈ దండయాత్రలో పాల్గొన్నాడు. తరువాత తన ఎస్టేటుకు మౌంట్ వెర్నన్ అని పేరు పెట్టుకున్నాడు. గెలిచిన లేసోకు మాత్రం గౌరవం దక్కలేదు. వైస్రాయి ఎస్లావాతో పడక, సెప్టెంబరు 7న జబ్బుతో మరణించాడు. ఆయన సమాధి ఎక్కడుందో నేటికీ తెలియదు. విగ్రహం కోట ఎదుట ఉంది.

ఇప్పుడు మనం చూసే సాన్ ఫెలిపే కోట చాలావరకు 1762–1769 మధ్య ఇంజనీరు ఆంతోనియో దె అరేవలో పెంచి కట్టినది. గుట్టకు తొడుగు తొడిగినట్టు మెట్లు మెట్లుగా బురుజులు కట్టి, ఒకటి పడినా పైది దాన్ని కొట్టగలిగేలా అమర్చాడు. లోపలి సొరంగాల్లో అడుగుల చప్పుడు దూరం నుంచే వినబడుతుంది. ఆయన పనితనానికి అసలు నిదర్శనం నీటి కింద ఉంది. 1771–1778 మధ్య బోకాగ్రాందె ముఖద్వారానికి అడ్డంగా సముద్రంలో 3 కి.మీ. పైబడిన రాతికట్ట వేశాడు. నేటికీ పెద్ద ఓడలు ఆ దారిన రాలేక బోకాచికా వైపు తిరిగి వస్తాయి. ప్రాకారానికి చివరి భాగమైన లాస్ బోవెదాస్ ఆ శతాబ్దం చివరి దశకంలో పూర్తయింది. అందులోని 23 గదులు మందుగుండు సామగ్రికి, తరువాత ఖైదీలకు పనికొచ్చాయి. ఇప్పుడు చేతిపనుల దుకాణాలు.

1811 నవంబరు 11న హెత్సెమానీ వాడ పనివారు పెద్రో రొమేరో నాయకత్వంలో ఆయుధాలతో వచ్చి పట్టుపట్టడంతో పాలకమండలి స్పెయిన్ నుంచి సంపూర్ణ స్వాతంత్ర్యం ప్రకటించింది. 1815లో స్పెయిన్ సేనాని పాబ్లో మొరీయో సేన నూరు రోజులకు పైగా ముట్టడించింది. జనాభాలో సుమారు మూడో వంతు ఆకలితో, రోగాలతో పోయారు. మరుసటి ఫిబ్రవరి 24న కాల్చి చంపిన నాయకుల ప్రతిమలు అమరుల బాట వెంట వరసగా ఉన్నాయి. 1821లో పట్టణానికి విముక్తి కలిగింది. ఆ తరువాత శతాబ్దం చివరి దాకా వ్యాపారం క్షీణించి, 1849 నాటి కలరాతో జనం తరిగి, పట్టణం నిద్రాణంగా ఉండిపోయింది.

ఆ పేదరికమే పాత ఇళ్లను కాపాడిందని చెప్పాలి. చేతిలో డబ్బు ఆడిన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, గాలి రాదన్న సాకుతో ప్రాకారంలో కొంత కూల్చారు. 1923లో ఏర్పడిన పట్టణాభివృద్ధి సంఘం మిగిలిన దాన్ని నిలబెట్టింది. ఆ సంఘం సేవ ప్రశంసనీయం. స్థానిక కవి లూయిస్ కార్లోస్ లోపెస్ తన ఊరి మీది మమకారాన్ని పాత జోళ్ల మీది ప్రేమతో పోల్చిన కవితకు గుర్తుగా కోట వెనుక పెద్ద కంచు జోళ్ల జత ఉంది. 1940ల నుంచి బోకాగ్రాందె ఇసుకతిన్నె మీద హోటళ్లు లేచాయి. ప్రాకారం పక్కనే ఉన్న చంబకూ పేదవాడను 1970ల తొలినాళ్లలో ఖాళీ చేయించారు. ఆ వాడ బతుకును మాన్వేల్ సపాతా ఒలివేయా 1963 నాటి నవల చెబుతుంది. హెత్సెమానీ సంతను 1978లో బసుర్తోకు తరలించి, ఆ చోట సమావేశ మందిరం కట్టారు. 1995లో సాంతా క్లారా సన్యాసినుల మఠం హోటలైంది. 1948లో యువ విలేఖరిగా ఈ పట్టణానికి వచ్చిన గాబ్రియెల్ గార్సియా మార్కెస్ తన ‘ప్రేమ, ఇతర దయ్యాలు’ (1994) నవలకు ఆ మఠాన్నే రంగస్థలం చేసుకున్నాడు. ఆయన చితాభస్మాన్ని 2016లో లా మెర్సెద్ మఠ ప్రాంగణంలో ఉంచారు.

1741లో చనిపోయిన ఇంగ్లీషువారి స్మృతికి 2014లో పెట్టిన ఫలకాన్ని ప్రజలు సహించలేదు. కొద్ది రోజుల్లోనే తీసివేశారు. హెత్సెమానీలో అద్దెలు పెరిగి పాత కుటుంబాలు వెళ్లిపోతున్నాయి. చౌక్‌లలో పళ్లబుట్టలు తలకెత్తుకుని కనిపించే స్త్రీలు చాలామంది సాన్ బసీలియో దె పలెంకె వారు. తప్పించుకున్న బానిసలు స్థాపించిన ఆ ఊరు ఇక్కడికి 50 కి.మీ. దూరం, దాని సంస్కృతిని యునెస్కో 2005లో గుర్తించింది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. సాన్ ఫెలిపే మీద నీడ లేదు గనుక పొద్దున్నే ఎక్కాలి. ఒక్క పూటే వ్యవధి ఉన్నవారు కోటను వదులుకున్నా, సాన్ పెద్రో క్లావెర్ మఠాన్ని వదులుకోకూడదు.