ముండ్లమూరు నేలలో ఫ్లోరైడ్: పరమాణు నిర్మాణం చెప్పేదెంత?

తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల నెల్లూరు జిల్లాలో ఎముకలు, కీళ్లు దెబ్బతింటున్నాయని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనివే. ముండ్లమూరు దర్శి పక్క మండలం. ఇక్కడి బోరు నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: ఫ్లోరైడ్ ఎముకనే ఎందుకు పట్టుకుంటుంది?

ఫ్లోరిన్ కేంద్రకంలో 9 ప్రోటాన్లు, 10 న్యూట్రాన్లు ఉంటాయి. 9 ఎలక్ట్రాన్లలో 2 లోపలి కక్ష్యలో, 7 బయటి కక్ష్యలో. బయటి కక్ష్య నిండడానికి ఒకటి తక్కువ. అది చేరగానే 10 ఎలక్ట్రాన్లతో, ఒక రుణావేశంతో ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది. ఎముకలోని ముఖ్య ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేట్‌లతో పాటు హైడ్రాక్సైడ్ ఉంటుంది. దాని లెక్క చూద్దాం. ఆక్సిజన్‌వి 8, హైడ్రోజన్‌ది 1, మొత్తం 9 ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు 10, ఆవేశమూ అదే. పరిమాణం కూడా దగ్గరదగ్గరే. అందుకే హైడ్రాక్సైడ్ చోటులో ఫ్లోరైడ్ కుదురుకోగలదు. రాళ్లలోని నల్ల అభ్రకంలోనూ ఇదే మార్పిడి జరుగుతుంది. క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీళ్లలోకి ఆ ఫ్లోరైడ్ తేలిగ్గా దిగుతుంది.

పరమాణువు చెప్పగలిగింది ఇంతవరకే. జబ్బు ఏ మేరకు వస్తుందన్నది రోజూ ఒంట్లోకి వెళ్లే ఫ్లోరైడ్, తాగిన ఏళ్లు, తిండిలోని కాల్షియం, మూత్రపిండాల ఆరోగ్యం మీద ఆధారపడి ఉంటుంది. పళ్ల మీద సుద్దలాంటి తెల్ల మచ్చలు, గోధుమరంగు చారలు పళ్లు తయారయ్యే చిన్నతనంలో తాగిన నీళ్లకు గుర్తు. పెద్దయ్యాక ఊరికి వచ్చినవారికి పళ్లు శుభ్రంగా ఉండి, వెన్ను బిగుసుకుపోవచ్చు. అలాగని కీళ్ల నొప్పులన్నిటినీ ఫ్లోరైడ్ ఖాతాలో వేయలేం.

ఆచరణకు మాత్రం స్పష్టమైన సూచన ఉంది. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతి. 1.5 ఉన్న లీటరు నీళ్లను సగానికి మరగబెడితే గాఢత దాదాపు 3కు చేరుతుంది. పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతితోనో, ఆర్వోతోనో తీయాలి; లేదా శుద్ధిచేసిన నాగార్జున సాగర్ కాలువ నీటికి మారాలి. ఒక బోరు ఫలితం పక్క బోరుకు వర్తించదు. కాబట్టి ప్రతి బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను, వానలకు ముందూ తర్వాతా, కాల్షియంతో పాటు కొలిచాకే ఏ ఊరి గురించైనా తీర్మానం చేయడం సబబు.