నర్సింగ్ హోములు, సంరక్షణ గృహాల తనిఖీ: అధికారులకు గల అధికారాలు, వాటి పరిధి

నర్సింగ్ హోములలో చికిత్స పొందుతున్నవారికి, సంరక్షణ గృహాలలో నివసిస్తున్నవారికి అధికారుల తనిఖీ ముఖ్యమైన రక్షణ. మంచం పట్టిన వృద్ధులు ఫిర్యాదు చేయడానికి కార్యాలయానికి రాలేరు. అధికారే వారి వద్దకు వెళ్లవలసి ఉంటుంది. అయితే ప్రైవేటు ప్రాంగణంలో ప్రవేశించి రికార్డులు పరిశీలించడానికి ప్రభుత్వోద్యోగి అయితే చాలదు. ఏ చట్టం కింద, ఎవరి ఉత్తర్వుతో వచ్చారన్నది స్పష్టంగా ఉండాలి.

వర్తించే చట్టం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ రంగానికి 2002 నాటి ప్రైవేటు వైద్య సంరక్షణ సంస్థల నమోదు, నియంత్రణ చట్టం వర్తించింది. పార్లమెంటు 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని ఆమోదించింది. తెలంగాణ రాష్ట్రం ఈ కేంద్ర చట్టాన్ని స్వీకరించి 2022 నుంచి అమలులోకి తెచ్చింది. సాయుధ దళాల వైద్య సంస్థలు మినహా ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నీ దీని పరిధిలోకి వస్తాయి. జిల్లా కలెక్టరు అధ్యక్షులుగా, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కన్వీనరుగా గల జిల్లా రిజిస్టరింగ్ అథారిటీ నమోదు బాధ్యత నిర్వహిస్తుంది.

రెండు విధాల అధికారం

నమోదైన సంస్థ భవనం, ప్రయోగశాలలు, పరికరాలు, అక్కడ జరిగే పనిని తనిఖీ చేయించే అధికారాన్ని 33వ సెక్షన్ అథారిటీకి, అది నియమించిన అధికారికి ఇచ్చింది. తనిఖీని ఒకరు కాక పలువురు సభ్యుల బృందం జరపాలి. ఆ సమయంలో సంస్థ తన ప్రతినిధిని ఉంచుకోవచ్చు. బృందం గుర్తించిన లోపాలను అథారిటీ సంస్థకు తెలియజేసి, అభిప్రాయం తీసుకుని, తగు సూచనలు చేస్తుంది. సహేతుకమైన గడువులో వాటిని అమలుపరచకపోతే ఆదేశాలు జారీ చేయవచ్చు.

నమోదు లేకుండా నడుస్తున్నట్లు అనుమానం కలిగితే 34వ సెక్షన్ వర్తిస్తుంది. దీని కింద ప్రవేశించి సోదా చేయవచ్చు. అయితే ఆ ఉద్దేశాన్ని ముందుగా తెలియజేయకుండా లోనికి ప్రవేశించరాదని చట్టమే షరతు విధించింది. నమోదు లేకుండా నడిపితే తొలిసారి రూ.50 వేల వరకు, రెండవసారి రూ.2 లక్షల వరకు, ఆపైన రూ.5 లక్షల వరకు జరిమానా ఉంటుంది. తనిఖీని అడ్డుకున్నా రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. నమోదు రద్దుకు మూడు నెలల నోటీసు అవసరం. రోగుల ఆరోగ్యానికి, భద్రతకు తక్షణ ముప్పు ఉంటే మాత్రం రద్దు ఉత్తర్వు అనంతరం కారణాలను నమోదు చేసి, సంస్థ నిర్వహణను వెంటనే నిలిపివేయించవచ్చు.

తార్నాక వద్ద జిల్లా సరిహద్దు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానికి ఆనుకుని ఉన్న తార్నాక హైదరాబాదు జిల్లాలో ఉన్నాయి. తార్నాక కూడలి నుంచి ఉప్పల్ వైపు సాగితే వచ్చే హబ్సిగూడ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు పూర్వం అది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రికి, వీధి నెంబర్లతో గుర్తింపు పొందిన నివాస ప్రాంతాలలోని నర్సింగ్ హోములకు ఒక జిల్లా అథారిటీ, నడిచి చేరగలిగే దూరంలోని హబ్సిగూడకు మరొకటి బాధ్యత వహిస్తాయి. ఒక జిల్లా ఉత్తర్వుతో సరిహద్దు దాటి జరిపిన తనిఖీని సంస్థ సవాలు చేసే వీలుంటుంది. ఫిర్యాదు అందిన వెంటనే చిరునామా ఏ జిల్లాకు చెందినదో నిర్ధారించుకోవడం అందువల్ల ముఖ్యం.

సంరక్షణ గృహాల విషయం

భోజనం, వసతి మాత్రమే కల్పించే వృద్ధాశ్రమం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ నిర్వచనంలోకి రాదు. వ్యాధికి చికిత్స లేదా వైద్య సంరక్షణ అందిస్తే వస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాల ఏర్పాటును పేర్కొన్నది. ప్రైవేటు గృహాల నమోదుకు ఆ కేంద్ర చట్టంలో ప్రత్యేక నిబంధన లేదు. ఈ లోటు తీర్చేందుకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఆ సభ కాలంలో ఆమోదం పొందలేదు.

బాలల గృహాల విషయంలో చట్టం మరింత నిర్దిష్టంగా ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం 54వ సెక్షన్ ప్రకారం ముగ్గురికి తగ్గని బృందం మూడు నెలలకు ఒకసారైనా తనిఖీ చేయాలి. బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. వారం రోజులలో నివేదిక సమర్పించాలి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలోని 33వ సెక్షన్ ఇటువంటి కాలపరిమితి విధించలేదు. మానసిక రోగులకు వసతి కల్పించే సంస్థల తనిఖీకి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది.

గమనించవలసిన అంశాలు

తనిఖీకి వెళ్లే అధికారి వద్ద నియామక ఉత్తర్వు, అందులో చట్టం, సెక్షను, జిల్లా వివరాలు ఉండాలి. తనిఖీ వార్తలు రాసే విలేకరులు కూడా ఈ వివరాలతో పాటు బృంద సభ్యుల సంఖ్యను, ఇచ్చిన గడువును తెలుసుకోవడం ఉపయుక్తం. ఉత్తర్వులో లోపం కారణంగా తనిఖీ చెల్లకుండా పోతే నష్టపోయేది లోపల ఉన్న రోగులు, వృద్ధులే.