ముందు ఉద్యోగం, పిమ్మట శిక్షణ

నీళ్ళలో దిగనిదే ఈత రాదని పెద్దలు చెప్పుతారు. మేధోవైకల్యం గల యువతీయువకుల విషయంలో మాత్రం లోకం చిరకాలం దీనికి విరుద్ధంగా నడిచినది. ఒడ్డున నిలబడి ఈత నేర్చుకొన్న పిమ్మటనే నీళ్ళలో దిగవలెనని వారిని శాసించినది. ఆ శాసనం ఎట్లా ఏర్పడినదో, ఎట్లా సడలినదో తెలుసుకోవడమే ఈ ప్రసంగానికి ఉద్దేశం.

పంతొమ్మిదవ శతాబ్దారంభంలో, ఫ్రాన్సులోని అవేరాన్ ప్రాంతపు అడవులలో దొరికిన ఒక బాలునికి మాటా మర్యాదా నేర్పడానికి ఇతార్ అనే వైద్యుడు పూనుకొన్నారు. ఆ ప్రయత్నం పూర్తిగా ఫలించలేదు. కానీ ఇట్టి పిల్లలకు విద్య గరపవచ్చుననే భావానికి అది అంకురమైనది. ఆయన మార్గాన్ని అనుసరించిన సెగిన్ 1846లో బోధనా పద్ధతులను గ్రంథస్థం చేశారు. 1848లో అమెరికాలోని బోస్టన్ నగరంలో శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ ఒక ప్రయోగాత్మక పాఠశాలను ఆరంభించారు. చదువూ పనీ నేర్పి పిల్లలను తిరిగి సంఘంలోకి పంపడమే ఆ పాఠశాలల తొలి లక్ష్యం. శతాబ్దాంతానికి ఆ లక్ష్యం మరుగునపడినది. పాఠశాలలు పెద్ద పెద్ద ఆశ్రయాలైనవి. లోపలికి వెళ్ళినవారు తిరిగి రావడం అరుదైనది. ఇందులో ఒక వైచిత్రి ఉన్నది. బయట దేనికీ పనికిరారని ముద్రపడినవారే లోపల పొలం పనులు చేశారు, బట్టలు ఉతికారు, వంటలు వండారు, తమకంటె నిస్సహాయులకు అన్నం తినిపించారు. కూలి మాత్రం లేదు.

ఇరువదవ శతాబ్దంలో వికలాంగులకు ప్రత్యేక కర్మశాలలు వెలసినవి. 1938 నాటి అమెరికా కార్మిక చట్టం కనీస వేతనాన్ని నిర్ణయిస్తూనే, వైకల్యం గలవారికి అంతకంటె తక్కువ ఇవ్వడానికి మినహాయింపు కల్పించినది. కర్మశాలలో తర్ఫీదు పొంది, యోగ్యత సంపాదించి, తరువాత బయట ఉద్యోగానికి పోవచ్చునన్నది సిద్ధాంతం. కానీ ఆ యోగ్యతకు హద్దు లేకపోయినది. కవర్లు మడుస్తూ, మరలు లెక్కపెట్టి సంచులలో వేస్తూ, అనేకులకు యౌవనమంతా అక్కడనే గడచిపోయినది.

ఈ సిద్ధాంతాన్ని కదిలించిన ప్రయోగాలలో ఒకటి సైకిలు బ్రేకుతో జరిగినది. 1970 తరువాతి తొలి సంవత్సరాలలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ గోల్డ్, కర్మశాలలలోని 64 మందికి 15 భాగాలు గల సైకిలు బ్రేకును కూర్చడం నేర్పించారు. కొందరికి భాగాలను ఉన్నవి ఉన్నట్లే ఇచ్చారు. మరికొందరికి, ఏ వైపు తమకు అభిముఖంగా ఉండవలెనో తెలియడానికి ఆ వైపు రంగు పూసి ఇచ్చారు. రంగు గుర్తు గలవారు చాల త్వరగా నేర్చుకొన్నారు. పిమ్మట 24 భాగాల బ్రేకును కూడా వారిచేత కూర్పించారు. మనిషి మారలేదు, నేర్పే తీరు మారినది. శిష్యునికి పట్టుబడకపోతే గురువు మరియొక దారి వెదకవలెనన్నదే గోల్డ్ బోధనలోని సారం.

ఇదే కాలంలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలోను, అటుపైన రిచ్మండ్‌లోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో పాల్ వేమన్ బృందం చేతను మరికొంత కృషి సాగినది. వర్జీనియా బృందం క్రమాన్నే తలక్రిందులు చేసినది. ముందు నిజమైన ఉద్యోగం, నిజమైన జీతం. శిక్షణ ఆ ఉద్యోగస్థలంలోనే. జాబ్ కోచ్ అనే శిక్షకుడు అభ్యర్థితోపాటు పనికి వెళ్తాడు. పాత్రలు కడగడమైతే, తీయడం, తుడవడం, అమర్చడం అంటూ పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి చూపుతాడు. చేయి తిరిగినకొద్దీ తాను వెనుకకు తగ్గుతాడు. అయినా అవసరమైనప్పుడు మళ్ళీ వస్తాడు. ఆ తోడు కొనసాగడమే ఈ పద్ధతికి ప్రాణం. 1984, 1986 సంవత్సరాల అమెరికా చట్టాలు దీనిని 'సపోర్టెడ్ ఎంప్లాయిమెంట్' పేరుతో గుర్తించినవి. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో అత్యవసర విభాగాన్ని నడుపుతున్న ఎరిన్ రీలీకి ఒక చిక్కు ఉండేది: సామగ్రిని అరలలో సర్దే పనిలో ఎవరూ నిలకడగా ఉండేవారు కారు. ఆ అవసరం నుండి పుట్టిన 'ప్రాజెక్ట్ సెర్చ్' తరువాత అనేక దేశాలకు వ్యాపించినది. పాఠశాల చివరి సంవత్సరాన్ని విద్యార్థులు ఆసుపత్రి వంటి పనిస్థలంలోనే గడపడం దాని విధానం.

మన దేశంలో ఈ రంగానికి కేంద్రమైన జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాదులో నెలకొన్నది. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో 3 శాతం కేటాయించినా, అందులో మేధోవైకల్యం గలవారికి వాటా లేదు. 2016 చట్టం కేటాయింపును 4 శాతానికి పెంచి, అందులో 1 శాతాన్ని మేధోవైకల్యం, ఆటిజం, మానసిక రుగ్మత మున్నగువాటికి ఉమ్మడిగా ఇచ్చినది. ఇది గొప్ప మార్పే. కానీ కుర్చీ కేటాయించడం ఒకటి. ఆ కుర్చీ ప్రక్కన కొన్ని వారాలు నిలబడి పని చూపే మనిషిని ఏర్పాటు చేయడం మరొకటి. రెండవది లేనిదే మొదటిది కాగితంమీదనే ఉంటుంది.

"మా తరువాత వీడి గతి ఏమి?" అన్నది ఇట్టి బిడ్డలున్న ప్రతి ఇంటిలోను వినవచ్చే ప్రశ్న. నెలజీతమొక్కటే దానికి పూర్తి సమాధానం కాదు. అయితే పనిలో చేరినవానికి తోటివారు ఏర్పడుతారు. ఒకనాడు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారుంటారు. తల్లిదండ్రులు ఒంటరిగా మోస్తున్న బరువులో కొంత అక్కడ పదిమందికి పంచబడుతుంది.